గౌతు లచ్చన్న

గౌతు లచ్చన్న (1909 ఆగష్టు 16 - 2006 ఏప్రిల్ 19) స్వాతంత్ర్య సమరయోధుడు, రైతు నాయకుడు, వెనుకబడిన వర్గాల నాయకుడు. సర్దార్ అనే గౌరవ నామంతో ప్రసిద్ధుడు. శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతం నుండి పలుమార్లు శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆంధ్ర రాష్ట్రంలో మంత్రిగా, ఆంధ్ర ప్రదేశ్ శాసనసభలో ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశాడు. మద్యనిషేధ చట్టం వలన ఉపాధి కోల్పోయిన కల్లుగీత కార్మికుల పక్షాన 1954లో సత్యాగ్రహాన్ని నడిపాడు. ఆ సమస్యే టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ పతనానికి దారి తీసింది. తెలుగునాట తరతరాలుగా ఆదరణ కోల్పోని పానీయమైన కల్లు చరిత్రలోను, దానిపై ఆధారపడి బ్రతికిన ప్రజల చరిత్రలోను లచ్చన్నకు ప్రత్యేక స్థానం ఉంది.

జననం, నేపథ్యం

లచ్చన్న 1909 ఆగష్టు 16న బారువ గ్రామంలో చిట్టయ్య, రాజమ్మ దంపతులకు జన్మించాడు. బారువ సముద్రతీర గ్రామం. మహేంద్రతనయ నది ఇక్కడే బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒకప్పుడు ఇక్కడి రేవు నుండి ఓడల ద్వారా వర్తకం సాగేది. లచ్చన్న పుట్టిన నాటికి ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడినపుడు గంజాం జిల్లాలోని తెలుగు ప్రాంతాలను విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950లో విశాఖపట్నం జిల్లాను విభజించి శ్రీకాకుళం జిల్లాను ఏర్పరచినపుడు బారువ ఆ జిల్లాలోకి వచ్చింది. ఈ కారణంగా లచ్చన్న ఉద్యమ జీవితంలో ప్రధాన భాగం, అంటే 1936 నుండి 1950 వరకు, నాటి విశాఖపట్నం జిల్లా పరిధిలోనే గడిచింది.

ఆయన కుటుంబం కల్లుగీతను సాంప్రదాయిక వృత్తిగా కలిగిన వెనుకబడిన సామాజిక వర్గానికి చెందినది. తెలుగునాట ఈ వృత్తిని గౌడ, ఈడిగ, శెట్టిబలిజ, యాత, శ్రీశయన మొదలైన పేర్లు గల కులాలవారు ప్రాంతాన్ని బట్టి చేస్తూ వచ్చారు. ఉత్తరాంధ్ర తీరంలో వరి పొలాల గట్ల మీద, ఇసుక నేలల్లో, చెరువు గట్ల మీద తాటిచెట్లు విస్తారంగా ఉంటాయి. ముంజెలు, తాటిపండ్లు, తేగలు, ఇళ్ళ కప్పులకు తాటాకు, దూలాలకు మొద్దు, తాటి బెల్లం, కల్లు - ఇవన్నీ ఒకే చెట్టు నుండి వస్తాయి. వర్షాలు లేక పంట పోయిన ఏడు కూడా తాటిచెట్టు కొంత ఆదాయాన్ని ఇస్తుంది. అందువలన ఈ ప్రాంతపు పేద కుటుంబాలకు తాటిచెట్టు పొలంతో సమానమైన ఆస్తి.

కల్లు, కల్లుగీత

లచ్చన్న పోరాటాన్ని అర్థం చేసుకోవడానికి కల్లుగీత స్వరూపాన్ని తెలుసుకోవడం అవసరం. కల్లును తాటి, ఈత, కొబ్బరి చెట్ల నుండి తీస్తారు. తూర్పు కనుమలలోని గిరిజన గ్రామాలలో జీలుగు చెట్టు నుండి కూడా తీస్తారు. తాటిచెట్టుకు వచ్చే గెలల చివరలను పదునైన కత్తితో రోజూ పలుచగా గీసి, కారే రసాన్ని మట్టికుండలో పడతారు. గీసే పని రోజూ జరగవలసిందే. మానివేస్తే గాయం ఆరిపోయి రసం ఆగిపోతుంది. గీత కార్మికుడు నడుముకు మోకు కట్టుకొని ఉదయం, సాయంత్రం చెట్టు ఎక్కుతాడు. తాటిచెట్టు 20 మీటర్లకు మించి పెరుగుతుంది. జారి పడితే ప్రాణం పోవడమో, జీవితాంతం మంచాన పడడమో జరుగుతుంది.

చెట్టు నుండి కారే రసం తియ్యగా ఉంటుంది, మత్తు ఉండదు. గాలిలోను, కుండలోను ఉండే ఈస్టు, బాక్టీరియా ఆ రసంలోని చక్కెరను కొన్ని గంటలలోనే పులియబెడతాయి. అప్పుడు అది కల్లు అవుతుంది. ఉదయం దింపిన కల్లు తియ్యగా, నురుగుతో ఉంటుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. ఒక రోజు దాటితే పులిసి పుల్లని వాసన వేస్తుంది, క్రమంగా వెనిగర్‌గా మారుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది. అలా తీసిన తియ్యని రసాన్ని నీరా అంటారు. దానిని కాచి తాటి బెల్లం చేస్తారు.

కల్లులో ఆల్కహాలు శాతం సుమారుగా బీరులో ఉన్నంతే ఉంటుంది. సారా దీనికి భిన్నమైనది. పులిసిన ద్రవాన్ని బట్టీపట్టి సారా తీస్తారు. దానిని నిలవ చేయవచ్చు, దూరప్రాంతాలకు పంపవచ్చు, పెద్ద మొత్తంలో వ్యాపారం చేయవచ్చు. కల్లుకు ఆ వీలు లేదు. దింపిన ఊళ్ళోనే, దింపిన రోజే అమ్ముడు కావాలి. కనుక కల్లు ఆదాయం ప్రధానంగా ఊళ్ళోని గీత కార్మికుల మీద, సారా ఆదాయం ఎక్కువగా గుత్తేదారుల మీద ఆధారపడి ఉండేది. ఈ తేడాను నిషేధ చట్టం గుర్తించలేదు. లచ్చన్న చేసిన వాదనకు మూలం ఇదే.

స్వాతంత్ర్యోద్యమం

1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగే నాటికి లచ్చన్నకు 21వ ఏడు. ఆ ఉద్యమంలో పాల్గొని అరెస్టయ్యాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోను పాల్గొని జైలుకు వెళ్ళాడు.

ఈ దశలో ఒక వైరుధ్యం కనిపిస్తుంది. కల్లు దుకాణాల ముందు పికెటింగు చేయడం కాంగ్రెసు ఉద్యమ కార్యక్రమంలో ముఖ్యమైన భాగం. మద్యం వలన పేద కుటుంబాలు చితికిపోతున్నాయని గాంధీ బలంగా నమ్మాడు. మద్యంపై వచ్చే అబ్కారీ ఆదాయం బ్రిటిషు ప్రభుత్వానికి పెద్ద ఆధారం కావడం మరొక కారణం. కానీ అదే కార్యక్రమం గీత కులాలవారి జీవనాధారాన్ని దెబ్బతీసేది. ఈ నష్టానికి పరిష్కారంగా కల్లుకు బదులు నీరా, తాటి బెల్లం తయారీని గాంధీవాదులు సూచించారు. అయితే బెల్లం కాచడానికి వంటచెరకు ఖర్చు అధికం, దానికి వచ్చే ధర తక్కువ. కల్లుతో వచ్చే రోజువారీ నగదు బెల్లంతో రాదు. కాంగ్రెసు కార్యకర్తగా, గీత వృత్తి కుటుంబంలో పుట్టినవాడిగా లచ్చన్న ఈ రెండు పక్షాల మధ్య నిలబడవలసి వచ్చింది.

రైతు ఉద్యమం

లచ్చన్న ఆచార్య ఎన్.జి.రంగాకు సన్నిహిత అనుచరుడు, ఆయనను రాజకీయ గురువుగా భావించాడు. ఉత్తరాంధ్రలో అప్పుడు జమీందారీ వ్యవస్థ బలంగా ఉండేది. మందస, పర్లాకిమిడి, బొబ్బిలి, విజయనగరం వంటి జమీందారీలలో రైతులు అధిక శిస్తులకు, వెట్టిచాకిరీకి గురయ్యేవారు. చెట్ల మీద, అడవి మీద కూడా జమీందార్లు హక్కు చెలాయించేవారు. తాటిచెట్టును గీయాలన్నా, అడవి నుండి కట్టెలు తేవాలన్నా పన్ను చెల్లించవలసిందే.

1937-38లో ఇచ్ఛాపురం నుండి మద్రాసు వరకు రైతు రక్షణ యాత్ర జరిగింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ సభ నిర్వహణలో లచ్చన్న పాత్ర ఉంది. ఆ వెంటనే 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. వీరగున్నమ్మగా పేరుపొందిన సాసుమాను గున్నమ్మ ఆ కాల్పులలో మరణించినవారిలో ఒకరు. ఈ పోరాటాలతో సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాలలో లచ్చన్నకు గట్టి ప్రజాబలం ఏర్పడింది.

మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం

1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో చక్రవర్తి రాజగోపాలాచారి కాంగ్రెసు మంత్రివర్గం అధికారానికి వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని మొదలుపెట్టింది. తరువాత చిత్తూరు, కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాలకు విస్తరించింది. అబ్కారీ ఆదాయం తగ్గడంతో ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్నును ప్రవేశపెట్టింది. యుద్ధకాలంలో నిషేధం సడలిపోయింది. 1946లో తిరిగి మొదలయి, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది. విశాఖపట్నం జిల్లా కూడా అందులో చేరింది.

చట్టం వలన కల్లు దుకాణాలు మూతపడ్డాయి, కానీ కల్లు తాగడం ఆగలేదు. తాటితోపులు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. రసం పులియడానికి బట్టీ గాని, యంత్రం గాని అవసరం లేదు. కుండ కడితే చాలు. దొంగచాటుగా గీత సాగింది. చెట్టెక్కినవాడిపై కేసులు పెట్టడం, జరిమానాలు, లంచాలు సాధారణమయ్యాయి. మరోవైపు దొంగసారా పెరిగింది. వేరే భూమి, వేరే పని లేని గీత కుటుంబాలు కూలికి వలస పోయాయి. చట్టాన్ని అతిక్రమించి తాగినవారికంటే, చట్టం వలన పని పోయినవారికే ఎక్కువ నష్టం జరిగింది.

గీత సత్యాగ్రహం, ప్రకాశం ప్రభుత్వ పతనం

1951లో రంగా కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించాడు. లచ్చన్న ఆయన వెంట నడిచాడు. 1952 ఎన్నికలలో సోంపేట నుండి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆంధ్ర ప్రాంత సభ్యులంతా కొత్త రాష్ట్ర శాసనసభ్యులయ్యారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యాడు. మద్రాసు నుండి వచ్చిన మద్యనిషేధ చట్టం కొత్త రాష్ట్రంలోను కొనసాగింది.

నిషేధం అమలు తీరును పరిశీలించడానికి ఎస్.వి.రామమూర్తి అధ్యక్షతన ఒక సంఘాన్ని ప్రభుత్వం నియమించింది. నిషేధం ఆశించిన ఫలితం ఇవ్వలేదని తేల్చిన ఈ సంఘం దానిని రద్దు చేయాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆ సిఫారసును అమలు చేయలేదు. ప్రకాశం చిరకాలంగా మద్యనిషేధ వాది. 1946లో ఆయన మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలోనే నిషేధం తిరిగి మొదలయింది. గాంధీ ఆశయంగా భావించిన చట్టాన్ని తన చేతులతో తొలగించడం ఆయనకు సులభం కాలేదు.

1954లో లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహం ప్రారంభించారు. నిషేధాన్ని ఎత్తివేయడం, లేదా గీత వృత్తివారికి ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపడం వారి ప్రధాన కోరిక. పెద్ద సంఖ్యలో కార్మికులు అరెస్టయి జైళ్ళకు వెళ్ళారు. ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించి 1930లో జైలుకు వెళ్ళిన లచ్చన్న, అదే సత్యాగ్రహ పద్ధతిని స్వతంత్ర భారతంలో కాంగ్రెసు తెచ్చిన చట్టానికి వ్యతిరేకంగా ఉపయోగించడం ఈ ఉద్యమంలోని విశేషం.

నిషేధ సమస్యపై 1954 నవంబరులో శాసనసభలో ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చింది. ప్రధాన ప్రతిపక్షమైన కమ్యూనిస్టులు, కృషికార్ లోక్ పార్టీ సభ్యులు ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిలిచారు. తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన విధించారు. 82 ఏళ్ళ వయసులో అధికారం కోల్పోయిన ప్రకాశం 1957లో మరణించాడు. ఆంధ్ర రాష్ట్ర తొలి ప్రభుత్వం కల్లు సమస్యపై కూలిపోవడం ఆ పానీయానికి, దానిని తీసే ప్రజలకు రాజకీయాలలో ఉన్న బలాన్ని తెలియజేసింది.

మంత్రిగా, ప్రతిపక్ష నాయకుడిగా

1955 మధ్యంతర ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఐక్య సంఘటనగా పోటీ చేసి ఘనవిజయం సాధించాయి. సోంపేట నుండి తిరిగి గెలిచిన లచ్చన్న బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో చేరాడు. అయినప్పటికీ నిషేధం వెంటనే తొలగిపోలేదు. 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత ఒకే రాష్ట్రంలో రెండు పద్ధతులు అమలయ్యాయి. హైదరాబాదు రాజ్యం నుండి వచ్చిన తెలంగాణలో కల్లు దుకాణాలు చట్టబద్ధంగా నడిచేవి, ప్రభుత్వానికి అబ్కారీ ఆదాయం వచ్చేది. ఆంధ్ర ప్రాంతంలో మాత్రం నిషేధం కొనసాగింది. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నపుడు 1968లో రాష్ట్రమంతటికీ ఒకే ఎక్సైజు చట్టం వచ్చింది. 1960ల చివరినాటికి ఆంధ్ర ప్రాంతంలోను నిషేధం తొలగిపోయింది. గీత సత్యాగ్రహం కోరిన ఫలితం పదేళ్ళకు పైగా ఆలస్యంగా లభించింది.

1959లో స్వతంత్ర పార్టీ ఏర్పడినపుడు లచ్చన్న అందులో చేరాడు. ఆ పార్టీ తొలి అధ్యక్షుడు రంగా, వ్యవస్థాపకుడు రాజగోపాలాచారి. మద్రాసులో మద్యనిషేధానికి ఆద్యుడైన రాజాజీ, ఆ నిషేధంపై సత్యాగ్రహం చేసిన లచ్చన్న ఈ విధంగా ఒకే పార్టీలో పనిచేశారు. 1962 ఎన్నికలలో స్వతంత్ర పార్టీ అభ్యర్థిగా లచ్చన్న సోంపేట నుండి గెలిచాడు.

1972-73లో జరిగిన జై ఆంధ్ర ఉద్యమ నాయకులలో లచ్చన్న ఒకడు. విశాఖపట్నానికి చెందిన తెన్నేటి విశ్వనాథం కూడా ఆ ఉద్యమానికి నాయకత్వం వహించాడు. ప్రకాశం మంత్రివర్గంలో మంత్రిగా ఉన్న తెన్నేటి, ఆ ప్రభుత్వాన్ని పడగొట్టినవారిలో ముఖ్యుడైన లచ్చన్న ఇరవై ఏళ్ళ తరువాత ఒకే వేదికపై నిలిచారు. 1978 ఎన్నికలలో జనతా పార్టీ తరపున సోంపేట నుండి గెలిచిన లచ్చన్న శాసనసభలో ప్రతిపక్ష నాయకుడయ్యాడు. వెనుకబడిన కులాలకు విద్య, ఉద్యోగాలలో తగిన వాటా కోసం జీవితాంతం పనిచేశాడు.

కల్లుకు నిలిచిన ఆదరణ

లచ్చన్న జీవితకాలంలోనే కల్లు మరొక పరీక్షను ఎదుర్కొంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు ప్రారంభించిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. మద్యం వలన కుటుంబాలలో స్త్రీలు పడే బాధలు ఈ ఉద్యమంతో వెలుగులోకి వచ్చాయి. 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించారు. 1995లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. అయితే ఆ చట్టం నుండి కల్లును మినహాయించారు. 1948లో చట్టం చూడని తేడాను 1995లో చట్టం గుర్తించింది. ఆ నిషేధాన్ని 1997లో ఎత్తివేశారు.

కల్లుకు ఆదరణ నిలవడానికి కారణాలు అనేకం. ధర తక్కువ, చెట్టు ఊళ్ళోనే ఉంటుంది, కాలాన్ని బట్టి రుచి మారుతుంది. అనేక గ్రామ దేవతల జాతరలలో కల్లు సాక పోయడం ఆచారం. ఓడరేవు, ఉక్కు కర్మాగారాలతో మహానగరంగా పెరిగిన విశాఖపట్నం చుట్టుపక్కల అనకాపల్లి, భీమునిపట్నం పల్లెలలో తాటిచెట్టు ఇంకా కనిపిస్తుంది.

ఇతర దేశాల పానీయాలతో పోల్చితే కల్లు ప్రత్యేకత స్పష్టమవుతుంది. స్పెయిన్‌లోని హెరెజ్ పట్టణ ప్రాంతంలో తయారయ్యే షెర్రీ అనే ద్రాక్ష సారాయం శతాబ్దాలుగా ప్రసిద్ధి చెందింది. అందులో ద్రాక్ష నుండి బట్టీపట్టిన మద్యాన్ని కలిపి, పీపాలలో ఏళ్ళ తరబడి నిలవ చేసి, పాతదానితో కొత్తది కలుపుతారు. అందువలన అది చెడిపోకుండా ఓడలలో ఖండాంతరాలకు చేరింది. 1930లలో స్పెయిన్ ప్రభుత్వం ఆ పేరుకు చట్టరక్షణ కల్పించి, దాని నాణ్యతను కాపాడడానికి ఒక నియంత్రణ మండలిని ఏర్పరచింది. అదే దశకంలో మద్రాసు ప్రభుత్వం కల్లును నేరంగా ప్రకటించింది. షెర్రీ తన ఊరి పేరును ప్రపంచానికి తెలిపింది. ఒక్క రోజుకు మించి నిలవని కల్లు మాత్రం తన ఊరు దాటలేదు. చట్టరక్షణ గాని, పెద్ద వ్యాపార సంస్థల అండ గాని లేకుండానే, చెట్టెక్కే మనిషి ఉన్నంత కాలం అది నిలిచింది.

అయితే ఈ వృత్తికి ఇతర ప్రమాదాలు ఎదురయ్యాయి. చెట్ల నుండి కాక మత్తు రసాయనాలు కలిపి తయారు చేసే కృత్రిమ కల్లు ప్రజల ఆరోగ్యాన్ని దెబ్బతీసి, అసలు కల్లుకు చెడ్డపేరు తెచ్చింది. ఇటుక బట్టీల కోసం, ఇళ్ళ స్థలాల కోసం తాటితోపులను నరికివేస్తున్నారు. ప్రాణాపాయం గల పని కావడంతో యువకులు వృత్తిలోకి రావడం తగ్గింది. గీత కార్మికుల సహకార సంఘాలకు చెట్లను కేటాయించే పద్ధతి, ప్రమాదంలో మరణించిన కార్మికుల కుటుంబాలకు పరిహారం వంటి ఏర్పాట్లు కొంత ఊరట కల్పించాయి. తూర్పు గోదావరి ఏజెన్సీ ప్రాంతంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి ఉత్పత్తులపైన, నీరాను నిలవ చేసే పద్ధతులపైన పరిశోధనలు జరిగాయి.

మరణం, వారసత్వం

గౌతు లచ్చన్న 2006 ఏప్రిల్ 19న తన 97వ ఏట విశాఖపట్నంలో మరణించాడు. ఆయన కుమారుడు గౌతు శ్యామసుందర శివాజీ సోంపేట నుండి పలుమార్లు శాసనసభకు ఎన్నికయ్యాడు. మనుమరాలు గౌతు శిరీష 2024లో పలాస నుండి శాసనసభకు ఎన్నికయింది. నాగావళి నదిపై నిర్మించిన తోటపల్లి బ్యారేజికి సర్దార్ గౌతు లచ్చన్న పేరు పెట్టారు. ఉత్తరాంధ్ర రైతుల పొలాలకు ఈ బ్యారేజి నీరందిస్తుంది.

మద్యపానం మంచిదా, చెడ్డదా అనే చర్చ లచ్చన్న తరువాత కూడా ముగియలేదు. సంస్కరణ కోసం చేసే చట్టం భారం ఎవరిపై పడుతుందో ముందుగా చూడాలని, పని తీసివేసేటపుడు మరొక పని చూపాలని ఆయన నడిపిన ఉద్యమం ప్రభుత్వాలకు గుర్తు చేసింది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఆ తరువాత వచ్చిన మద్య విధానాలలో కల్లుకు, గీత కార్మికులకు ప్రత్యేక స్థానం లభించడానికి ఆ ఉద్యమం పునాది వేసింది.